పడవలో మనిషి

"పొడుమేదిరా?"

కాసులమ్మ మళ్ళీ అదే మాట అడిగింది. గొంతు పెంచలేదు. అందుకే సన్యాసిరావుకి భయం వేసింది.

అప్ప కేకలు వేస్తే ఊరుకోబెట్టడం అతనికి తెలుసు. పూడిమడక నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన గొంతు అది. ఒకసారి లేచిందంటే వీధి చివరి దాకా వినిపించి, ఆ తరవాత దానంతటదే దిగిపోతుంది. ఇలా మెల్లగా మాట్లాడితే మాత్రం ఏం చెయ్యాలో ఈ అరవై ఏళ్ళు పైబడిన తమ్ముడికి ఇప్పటికీ తెలియదు.

ఆమె అరచేతిలో గాజు సీసా ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, అంతే. ఎర్రరాయి బిరడా తీసి మూతి ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. మొహం పక్కకి తిప్పి, గాలి వదిలి, మళ్ళీ పీల్చింది.

"ఏటో లక్క కంపు కొడతంది. అమ్మ పొడుం ఏటి సేసినావు?"

"అప్పా, కూకో. సెప్తాను."

"కూకోను. సెప్పు."

హాల్లో గోడవార పీట మీద వాళ్ళమ్మ నూకాలమ్మ ఫొటో ఉంది. బంతిపూల దండ వేసి ఉంది. పీట ముందు అరిటాకు పరిచి ఉంది. ఇవాళ ఆవిడ సంవత్సరీకం. మధ్యాహ్నానికి పూడిమడక చుట్టాలందరూ ఆటోల్లో దిగుతారు. ఆవిడకి ఇష్టమైనవన్నీ ఆ ఆకులో వడ్డించాలి. కోనెం చేప కూర, గారెలు, ఒక చుట్ట. వాటన్నిటికంటే ముందు పొడుం.

ఆ పొడుం బజార్లోది కాదు. నూకాలమ్మ పోయే ముందు తన చేత్తో నింపుకుని, రెండు మూడు పట్లు పీల్చి, మిగిలింది సీసాలో ఉంచి కన్నుమూసింది. కాసులమ్మ ఆ సీసాకి గుడ్డ చుట్టి ఏడాదిపాటు ట్రంకుపెట్టెలో దాచింది. సంవత్సరీకం నాడు ఆ మిగిలిన పొడుం తల్లి ముందు పెట్టి, సాయంత్రం సముద్రంలో కలపాలని ఆమె మొక్కు. పండక్కి వచ్చిన మనవలు అడిగినా బిరడా తియ్యనివ్వలేదు. అలాంటి సీసా తమ్ముడు అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేసింది. 'మెల్లగా తుడిచి తెత్తాను అప్పా' అంటే నమ్మింది.

ఎందుకు నమ్మదు? అలాంటి పొడుం సీసాల గురించి అతనికి తెలిసినంత ఈ జిల్లాలో ఇంకెవరికి తెలుసు కనక!

"మల్లెపాదులో దులిపేసేను," అన్నాడు సన్యాసిరావు.

కాసులమ్మ బిరడా తిరిగి బిగించింది.

"అది లోపలుంటే రంగు తినేత్తాది అప్పా. పొడుం చెమ్మ పీలుత్తాది. బొమ్మంతా లోపలే కదా ఉన్నాది. అందుకని..."

"మల్లెపాదులోన."

"నాకు తెలీలేదు. ఉత్త పొడుమే కదా అనుకున్నాను."

వంటింట్లోంచి దుర్గాలక్ష్మి గరిటె పట్టుకునే వచ్చింది. మొగుడి మొహం చూసి, ఆడపడుచు మొహం చూసి, సంగతి అర్థం చేసుకుంది. మంచిగా సర్దుదామనే నోరు తెరిచింది పాపం.

"పోనీలే వదినా, ఊరుకో. మెయిన్ రోడ్డులో అత్తమ్మ కొనుక్కునే కొట్టు ఉంది కదా. అదే పొడుం తెప్పించీదామా? సీసా నిండా పోసేద్దాం."

కాసులమ్మ మరదలి వంక చూసింది. ఆ చూపుకి దుర్గాలక్ష్మి చేతిలో గరిటె వెనక్కి దాచుకుంది.

"నింపు," అంది కాసులమ్మ. "నింపి మీరే పెట్టుకోండి. నాను ఈ ఇంట్లో మెతుకు ముట్టను. సుట్టాలొచ్చి అడిగితే నానే సెప్తాను, నా తమ్ముడు అమ్మని మొక్కల్లో పారబోసేడని. ఈ గుమ్మం తొక్కడం ఇదే ఆఖరు."

సీసాని ఫొటో పక్కన కూడా పెట్టలేదు. తమ్ముడి చేతిలో పెట్టి, పెరటి గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

"ఏటండీ ఆ పని!" దుర్గాలక్ష్మి గొంతు తగ్గించి మొదలుపెట్టింది. "ఆవిడ ఏడాది నుంచి కాపలా కాసింది. దులిపీ ముందు ఒక్క ఫోన్ కొడితే మీ సొమ్మేం పోయింది?"

"కొట్టాల్సింది."

"అరవై సీసాలున్నాయి కదా బీరువాలో. వాటికి చాకిరీ చేసుకుంటే చాలదా? ఆవిడ సీసా జోలికెందుకు వెళ్ళేరు?"

అతను బీరువా వంక చూశాడు. ఎలా చెబుతాడు! ఆ అరవై సీసాలూ ఈ ఒక్క సీసా కోసమే కొన్నాడని పెళ్ళాంతో ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు.

ఇరవై రెండేళ్ళకి సరుకు ఓడ ఎక్కాడు సన్యాసిరావు. ఇంజను గదిలో పని. ఓడ చైనా రేవుల్లో ఆగినప్పుడల్లా తోటివాళ్ళు రేడియోలూ దుప్పట్లూ కొనుక్కుంటుంటే, ఇతను సందుల్లో పాతసామాన్ల కొట్లు వెతుక్కునేవాడు. ఎప్పుడో ఒక ఓడవాడు చేపలకి బదులుగా ఇచ్చిపోయిన అమ్మ సీసాలాంటిది ఇంకోటి కావాలి. లోపల నది, కొండలు, రెల్లు, రెల్లు పక్కన చిన్న పడవ. గాజు లోపల బొమ్మ ఎలా వేశారో మొదటిసారి ఒక ముసలి దుకాణదారు సైగలతో చెప్పినప్పుడు తల తిరిగింది. కందిగింజ పట్టే మూతిలోంచి, కొన వంచిన పుల్లతో, లోపలి గోడ మీద తిరగేసి గియ్యాలట. ముందు ఇసక పోసి కుదిపి కుదిపి లోపలి గాజుని గరుకు చెయ్యాలట, లేకపోతే రంగు నిలవదట.

అప్పటినుంచి ఆ పిచ్చి పట్టుకుంది. ఉద్యోగం మానేసి గవరపాలెంలో ఇల్లు కట్టుకున్నాక ముందు చేయించింది ఆ గాజు బీరువా. ఇప్పుడు విశాఖ నుంచి, కలకత్తా నుంచి కూడా ఫోనులో ఫొటోలు పంపి అడుగుతారు, ఇది పాతదేనా సన్యాసిరావుగారూ అని. అతను భూతద్దం పెట్టుకుని చూస్తాడు. మూతి వెడల్పుగా ఉంటే అనుమానం. రంగులు మరీ మెరిసిపోతుంటే అనుమానం. నిజంగా వాడిన సీసా అయితే బిరడాకి అతికించిన దంతపు చెంచా లోపల తిరిగి తిరిగి, అడుగున, మెడ దగ్గర గీతలు పడి ఉంటాయి. ఎవరైనా చెరిగిన చోట కొత్త రంగు దిద్దించారని తెలిస్తే మాత్రం మండిపడేవాడు. "పాతదాన్ని పాతగా ఉండనివ్వరు దరిద్రులు" అని ఫోన్లోనే తిట్టేవాడు.

అలా తిట్టిన నోటితోనే అమ్మ సీసా ఏటికొప్పాక పట్టుకెళ్ళాడు. అక్కడ లక్కబొమ్మలకి కళ్ళూ మీసాలూ దిద్దే చంటిబాబు చేతిలో పెట్టి, ఇదిగో ఇక్కడ దిద్దు బాబూ అన్నాడు. తప్పని తెలుసు. తెలిసే చేశాడు. ఆ సంగతి అప్పకి ఇంకా తెలియదు. అదే ఇప్పుడు అతనికి మిగిలిన ఆశ. పొడుం పోతే పోయింది, లోపల ఏముందో చూస్తే అప్ప కరిగిపోతుందని నమ్మాడు.

సీసా జేబులో వేసుకుని, భూతద్దం, చిన్న టార్చిలైటు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు.

కాసులమ్మ మల్లెపాదు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. పాదులో మట్టి తడిగా ఉంది. రోజూ నీళ్ళు పోసే పాదు. ఆ మట్టి కొంచెం వేళ్ళతో తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ అక్కడే వేసింది.

సన్యాసిరావు రెండడుగుల అవతలే ఆగాడు. ఒక్క ఫోన్ కొడితే సరిపోయేది. దుర్గ అన్నది నిజమే.

"అప్పా."

"ఎల్లరా. పని సూసుకో."

"తప్పు నాదే. కొట్టాలనుంటే కొట్టు. కానీ ఒక్కసారి ఈ సీసా లోపల సూడు. సరిగ్గా సూడలేదు నువ్వు."

"సూసేదేటి? పడవ."

"ఉత్త పడవేనా? సూడు."

టార్చి వెలిగించి సీసా వెనక పెట్టాడు. భూతద్దం ఆమె కంటి ముందు పట్టాడు. చిన్నప్పుడు అమ్మ ఇలాగే సీసాని దీపానికి అడ్డంగా పట్టి చూపించేది. ఆనాడు చూసేవాడు తను. ఇవాళ చూపిస్తున్నది తను. మనసులో ఎక్కడో సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు.

కాసులమ్మ ఒక కన్ను మూసి చూసింది. కొండలు, నది, రెల్లు. పడవ. పడవలో ఎర్ర తలగుడ్డ చుట్టుకుని, తెడ్డు పట్టుకుని కూర్చున్న మనిషి.

ఆమె భూతద్దం పక్కకి తోసింది.

"ఎవుడీడు?"

"అయ్య," అన్నాడు సన్యాసిరావు. "గురుతులేదా? మన చిన్నప్పుడు పడవలో మనిషుండీవోడు. అయ్య సంద్రంలో పోయినాక, నాను ఏడిస్తే అమ్మ ఈ సీసా నా చేతిలో పెట్టీది. అదిగో మీ అయ్య, ఏటకెల్లేడు, తిని తొంగోమనీది. తరవాత్తరవాత ఆ మనిషి అరిగిపోయేడు. అమ్మ పొడుం తీసి తీసి. పడవొకటే మిగిలింది. అందుకని మళ్ళీ వేయించేను అప్పా. సైనావోడి టోపీ వద్దని, అయ్య కట్టుకునీ ఎర్రగుడ్డే సెప్పి వేయించేను. అమ్మ సమచ్చరీకానికి అయ్య పక్కనుండాలని."

కాసులమ్మ మట్టి వేళ్ళు కొంగుకి తుడుచుకుంది.

గోడ అవతల ఎవరో మోటారు వేశారు. నీళ్ళ ట్యాంకు నిండి పొర్లి, ఆ మోటారు ఆగింది.

"అరిగిపోలేదురా," అంది చివరికి.

"ఏటి?"

"ఆడు అరిగిపోలేదు. నీకు అన్నీ తెలుసు కదా. అద్దం పెట్టి సూత్తావు. పొడుం తీసే పుల్ల ఎక్కడ గీసుకుంటాదో సెప్పు."

అతని చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది. చెప్పనక్కరలేదు. రోజుకోసారి ఎవరో ఒకరికి చెప్పే ముక్కే అది. అడుగున, మెడ దగ్గర. నడి మధ్యన కాదు. అమ్మ సీసాలో కొండలు చెక్కుచెదరలేదు. రెల్లుపోచ కూడా పోలేదు. మనిషి ఒక్కడే పోయాడు, తలా మొండెమూ కాళ్ళూ, కత్తిరించి తీసినంత శుభ్రంగా. ఏటికొప్పాక పట్టుకెళ్ళే ముందు రోజు భూతద్దంలో అది కనిపించింది కూడా. వింతగా ఉందే అనుకున్నాడు. అనుకుని వదిలేశాడు. ఇంకొకరి సీసా అయితే వదిలేవాడా?

"అమ్మే గీకీసింది," అంది కాసులమ్మ. "రోజూ పొద్దున్న పొడుం తీసీ ముందు, పుల్లతో కొంచెం కొంచెం. మొకం ముందర. మొకం పోడానికే శానా నాళ్ళు పట్టింది."

"ఎందుకు?"

"అయ్య సంద్రంలో పోలేదురా."

సన్యాసిరావు నీళ్ళకుండీ గట్టు మీద కూలబడ్డాడు.

"పడవ దొరికింది కదా," అన్నాడు పిచ్చిగా. "ఖాళీ పడవ. రాంబిల్లి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. నాకు గురుతే. ఊరంతా ఏడిసింది."

"పడవ దొరికింది. ఆడు పరదీప్‌లో దొరికేడు. మరుసటేడు అటు ఏటకెల్లినోళ్ళు సూసేరు. ఇంకో ఆడమనిసి, ఇంకో ఇల్లు, సంకన గుంట. మన కొర్లయ్య మామ వొచ్చి అమ్మ సెవిలో సెప్పేడు. నాను పక్కనే వలకి ముడులేత్తన్నాను. ఇన్నాను."

"మరి నాకు..."

"నీకు ఏడేళ్ళు. సీసా సూత్తేగాని ముద్ద మింగీవోడివి కాదు. ఇడిసి ఎలిపోయినోడి కొడుకని ఊర్లో అనిపించుకోకూడదని, సంద్రమే పట్టుకుపోయిందని అమ్మ కొర్లయ్య మామ సేత ఒట్టేయించింది. నా సేతా ఏయించింది."

"తరవాతైనా సెప్పొచ్చు కదా. పెద్దోణ్ణయేను. పెళ్ళాడేను."

"పెద్దోడివై ఏటి సేసినావు? ఓడెక్కినావు. సెప్తే ఆణ్ణి ఎతుక్కుంటా పోతావని అమ్మ బయం. పోతే ఇంక రావని."

సన్యాసిరావుకి ఏడుపు రాలేదు. ఇంకేదో గుర్తొచ్చింది.

"పరదీప్‌లో దిగేను అప్పా," అన్నాడు. "శానాసార్లు దిగేను. ఇనప ఖనిజం లోడింగుకి రోజులకి రోజులు ఆగీది ఓడ. జెట్టీ మీద తెలుగోళ్ళు కనబడితే ఏ ఊరని అడిగీవోణ్ణి. టీ తాగించీవోణ్ణి."

కాసులమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఏటేటా తండ్రి పేరు చెప్పి సముద్రంలో పూలు వదిలాడు సన్యాసిరావు. ఓడ డెక్కు మీంచి కూడా వదిలాడు. అలల్లోకి చూసి 'అయ్యా' అని పిలిచిన రోజులున్నాయి. ఆ మాటలన్నీ ఎవరికి చెప్పుకున్నట్టు? అమ్మ ఇంట్లో కూర్చుని పొడుం పుల్లతో మొగుణ్ణి గీకుతుంటే, కొడుకు దేశదేశాలు తిరిగి ఆ మనిషి ఉన్న సీసా కోసమే వెతికాడు. తెచ్చిన ప్రతి సీసా అమ్మకి చూపించేవాడు. 'దీన్లో మనిషున్నాడే అమ్మా, మన అయ్యలాగే' అనేవాడు. ఆవిడ చూసి, బాగుందిరా అని, తిరిగి ఇచ్చేసేది. ఎన్నిసార్లు అలా అనిపించాడో ఆవిడ చేత!

"బొమ్మలో ఆడు మొత్తం పోయిన్రోజు నాకు గురుతే," అంది కాసులమ్మ. గొంతులో కోపం పోయింది. అలసట మిగిలింది. "నన్ను పిలిసి సూపించింది. ఇంక పడవ నాది అంది. ఆ రోజు కోనెం కూరొండి, కూకోబెట్టి తినిపించింది. అమ్మ నవ్వగా అంత బాగా నానెప్పుడూ సూడలేదురా."

వీధిలో ఆటోలు ఆగిన చప్పుడు. ఆడవాళ్ళ మాటలు. "ఓలమ్మా, ఎండ సూడు" అంటూ ఎవరో గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్నారు. దుర్గాలక్ష్మి అందరినీ పలకరిస్తోంది, గొంతులో కంగారు దాచుకుంటూ.

కాసులమ్మ లేచి నిలబడింది.

"పొడుం పోయింది సరే. మట్టిలోనైనా మన పెరట్లోనే ఉన్నాది. ఆ మట్టే పిడికెడు తీసి ఆకులో పెడతాను. కానీ ఈడితో ఆ సీసా అమ్మ ముందు పెట్టనివ్వను. ఆవిడ బతుకంతా తోసీసినోణ్ణి తెచ్చి మళ్ళీ ఆవిడ పడవలో కూకోబెడతావా?"

"ఇప్పుడేటి సెయ్యమంటావు?"

"పుల్ల నీ సేతిలోనే ఉన్నాది కదా. తీసీ."

"నానా?"

"నువ్వే తెచ్చినావు. నువ్వే తీసీ. అప్పుడొచ్చి నీ పక్కన కూకుంటాను."

సన్యాసిరావు బిరడా తీశాడు. దానికి అతికి ఉన్న దంతపు చెంచా సన్నగా, పసుపుపచ్చగా ఉంది. అమ్మ వేళ్ళు పట్టుకుని పట్టుకుని బిరడా నున్నబడింది. అతను టార్చి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చెంచాని సీసాలోకి దింపాడు. ఎర్ర తలగుడ్డ కనిపించింది. అరగంట కిందట అయితే ఆ మొహం కోసం ప్రాణం పెట్టేవాడు. ఇప్పుడు కూడా చెయ్యి ఆడలేదు. సముద్రంలో పోయిన అయ్య ఒకడు, పరదీప్‌లో బతికిన అయ్య ఒకడు. ఎవణ్ణి గీకుతున్నట్టు?

"గీకు," అంది కాసులమ్మ.

కళ్ళు గట్టిగా మూసి తెరిచి, గీకాడు.

ఏమీ రాలేదు. గట్టిగా గీకాడు. చెంచా జారిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఏటికొప్పాకలో చంటిబాబు భుజం మీద చెయ్యి వేసి తను చెప్పిన మాట. కొత్తగా వేసిన మనిషి మీద లక్క పూత వెయ్యి బాబూ, ఈసారి పోకూడదు. చంటిబాబు నిజాయితీగా పూశాడు. పాత బొమ్మ మీద చుక్క పడకుండా, మనిషి మేరకే పూశాడు.

చెంచా తిప్పి, అంచుతో మళ్ళీ గీకాడు. ఈసారి ఏదో రాలింది. సీసా అడుగున గోధుమరంగు పొడి కనబడింది. హమ్మయ్య అనుకుని టార్చి దగ్గరికి పెట్టి చూశాడు.

ఎర్ర తలగుడ్డ అలాగే ఉంది. తెడ్డు అలాగే ఉంది. వాటి కింద పడవ సగం లేదు.

"తీసినావా?" అంది కాసులమ్మ. ఆమె కళ్ళకి అంత సన్నవి ఆనవు.

హాల్లోంచి దుర్గాలక్ష్మి పిలిచింది. "ఏటండీ, అందరూ కూర్చున్నారు. ఆకులో వడ్డించేసేను. అత్తమ్మ సీసా పట్టుకురండి."

కాసులమ్మ మల్లెపాదులోంచి పిడికెడు తడి మట్టి తీసి కొంగులో వేసుకుంది. రెండో చెయ్యి తమ్ముడి ముందు చాపింది.

"ఇలా ఇయ్యి. అమ్మ పడవ నాను పట్టుకుంటాను."